గేటా, స్పీడ్ బ్రేకరా, వన్‌వేనా? మీ కాలనీ రోడ్డుకు ఏది నప్పుతుంది

ఉదయం ఎనిమిదీ ఇరవైకి మా వీధిలో రోజూ ఒకటే దృశ్యం. ఇటునుంచి స్కూల్ వ్యాన్ వస్తుంది, అటునుంచి వాటర్ ట్యాంకర్ వస్తుంది. రోడ్డుకు రెండువైపులా కార్లు ఆపి ఉంటాయి. వ్యాన్ వెనక పది బైకులు, ట్యాంకర్ వెనక నాలుగు ఆటోలు. ఎవరూ వెనక్కి వెళ్ళలేరు. చివరికి ఇస్త్రీ బండి ఆయన తన బండిని ఎవరి ర్యాంపు మీదికో లాక్కుని దారి ఇస్తాడు, అప్పుడు కదులుతాయి అన్నీ. ఆ పావుగంటా నడిచి వెళ్ళే పిల్లలు మోరీ పలకల మీద ఒకరి వెనక ఒకరు నడుస్తారు. ఒక పలక పగిలి ఉంది, అక్కడికి రాగానే పెద్దపిల్ల చిన్నవాడి చెయ్యి పట్టుకుని దాటిస్తుంది.

మాది హైదరాబాద్‌లో ఉప్పల్ దాటాక వరంగల్ హైవేకి రెండు వీధుల లోపల ఉండే కాలనీ. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఎలివేటెడ్ కారిడార్ పనులు 2018లో మొదలయ్యాయి. పిల్లర్ల పని ఏళ్ళ తరబడి సాగడంతో, హైవే మీద ఇరుక్కున్న బండ్లు కాలనీల్లోంచి దారి వెతుక్కున్నాయి. ఫోన్‌లో మ్యాప్ ఎటు చూపిస్తే అటు. ఒకసారి అలవాటైన షార్ట్‌కట్‌ని ఎవరూ వదులుకోరు.

మా సంక్షేమ సంఘం మీటింగులో ఈ మాట ఎత్తగానే మూడు పార్టీలు తయారవుతాయి. "గేటు పెట్టేద్దాం అంకుల్, పీడా పోతుంది" అంటారు మూల మీది ఇళ్ళవాళ్ళు. "వీధికి నాలుగు స్పీడ్ బ్రేకర్లు వేస్తే వాళ్ళే రావడం మానేస్తారు" అంటారు ఇంకొందరు. "వన్‌వే చేయించండి సార్" అంటారు పొద్దున్నే ఆఫీసులకు పరిగెత్తేవాళ్ళు. రెండేళ్ళు ఈ చర్చల్లో కూర్చున్నాక, చుట్టుపక్కల కాలనీల్లో ఏది నిలబడిందో ఏది బెడిసికొట్టిందో చూశాక, నాకు తేలిన సంగతులు రాస్తున్నాను.

ముందు ఏది బాధో తేల్చుకోవాలి

"ట్రాఫిక్ ఎక్కువైంది" అని అందరం అంటాం. ఆ మాటలో మూడు వేర్వేరు బాధలున్నాయి. ఒకటి వేగం, అంటే బండ్లు తక్కువే వచ్చినా దూసుకుపోవడం. రెండోది రద్దీ, అంటే మన వీధితో పనిలేని బండ్లు మన వీధిలోంచి పోవడం. మూడోది ఇరుకు, అంటే బండ్లు మనవే అయినా ఆపిన కార్ల వల్ల కదలడానికి చోటు లేకపోవడం. ఒకదానికి పనికొచ్చే మందు ఇంకోదానికి పనిచేయదు. ఇరుకుతో బాధపడే వీధిలో స్పీడ్ బ్రేకర్ వేస్తే జామ్ ఇంకాస్త పొడుగవుతుంది, అంతే. చాలా కాలనీల్లో డబ్బులు పోసి చేసిన పని ఫలించకపోవడానికి కారణం ఇదేనని నా నమ్మకం.

తేల్చుకోవడానికి పెద్ద ఖర్చేమీ లేదు. వేగం చూడాలంటే రోడ్డు మీద 50 మీటర్ల దూరానికి రెండు సుద్ద గీతలు గీయండి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకోండి. ఆ దూరాన్ని 6 సెకన్లలో దాటిన బండి గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోతున్నట్టు. నాలుగున్నర సెకన్లలో దాటితే 40. పిల్లలు, ముసలివాళ్ళు, సైకిళ్ళు కలిసి తిరిగే రోడ్ల మీద వేగం 30 దాటకూడదని 2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోమ్‌లో రోడ్డు భద్రత మీద చాలా దేశాల మంత్రులు, ప్రతినిధులు కలిసి చేసిన ప్రకటనలో ఉంది. కాబట్టి 6 సెకన్లను కొలబద్దగా పెట్టుకోవచ్చు.

రద్దీ చూడాలంటే ఇద్దరు కావాలి. వీధి ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు కుర్చీ వేసుకుని కూర్చుని, ప్రతి బండి నంబరులో చివరి నాలుగంకెలు, టైము రాసుకోవాలి. మేం ఒక మంగళవారం పొద్దున ఒక గంటసేపు రాశాం. మా అబ్బాయి పాత లెక్కల నోట్‌బుక్కు నాకు, టైలర్ షాపు బిల్లు పుస్తకం వెనకవైపు మా సెక్రటరీ గారికి. తర్వాత రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే, ఈ చివర లోపలికి వచ్చి రెండు మూడు నిమిషాల్లోనే ఆ చివర బయటికి పోయిన నంబర్లే సగానికి పైగా ఉన్నాయి. అవి మన ఇళ్ళకు వచ్చినవి కావు. ఆ రెండు పుస్తకాలూ బల్ల మీద పెట్టాక మీటింగులో అరుపులు తగ్గాయి. ఎవరికి తోచింది వాళ్ళు చెప్పడం ఆగి, రాసిన దాని మీద మాట్లాడటం మొదలైంది.

స్పీడ్ బ్రేకర్

వేగానికి ఇది మంచి మందే, సరిగ్గా వేస్తే. మన కాలనీల్లో కనిపించేవి చాలావరకు సరిగ్గా వేసినవి కావు. రోడ్డు పని అయిపోయాక మిగిలిన కాంక్రీటును ఎవరో ఒకరు తమ ఇంటి ముందు పోయించుకుంటారు. అడుగున్నర వెడల్పు, అరడుగు ఎత్తు. దాని మీద కారు అడుగుభాగం గీసుకుంటుంది, ఆటోలో గర్భిణి ఉంటే ప్రాణం లేచొస్తుంది.

రోడ్లు ఎలా వేయాలో ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన హంప్ (అంటే సరైన స్పీడ్ బ్రేకర్) కొలతలు వేరు. బండి వెళ్ళే దిశలో వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు. అంటే దాదాపు పన్నెండు అడుగుల వెడల్పున నాలుగంగుళాలే లేస్తుంది. దాని మీద బండి గంటకు 25 కిలోమీటర్ల వేగంతో సాఫీగా దాటుతుంది, అంతకంటే జోరుగా పోతే కుదుపు తెలుస్తుంది. వరసగా వేయాల్సి వస్తే ఒకదానికి ఇంకోదానికి 100 నుంచి 120 మీటర్ల దూరం ఉండాలి. 40 మీటర్ల ముందే హెచ్చరిక బోర్డు ఉండాలి. నలుపు తెలుపు చారలు వేయాలి, రాత్రి కనిపించడానికి క్యాట్ ఐలు, అంటే లైటు పడితే మెరిసే బిళ్ళలు, పెట్టాలి.

ఈ రంగు సంగతి తేలిగ్గా తీసుకోకండి. మా ఎదురింటి ఆంటీ కరెంటు పోయిన రాత్రి స్కూటీ మీద వస్తూ, కొత్తగా పోసిన బ్రేకర్ కనిపించక ఎగిరి పడ్డారు. మణికట్టు విరిగింది. పోసినవాళ్ళు మర్నాడు రంగు వేద్దామనుకున్నారట. రంగు డబ్బా తెచ్చిపెట్టుకోకుండా కాంక్రీటు పోయనివ్వకూడదని ఆ రోజు నుంచి మా సంఘంలో నియమం పెట్టుకున్నాం.

వానాకాలం సంగతి కూడా చూసుకోవాలి. బ్రేకర్‌ని ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పోస్తే దాని వెనక నీళ్ళు నిలుస్తాయి. మోరీ వైపు కొంచెం చోటు వదలాలి. అయితే బైకులన్నీ ఆ సందులోంచే దూరతాయి, అదొక ఇబ్బంది. రోడ్డు వాలు చూసి, నీళ్ళు పోయే వైపు మాత్రమే వదిలితే నష్టం తక్కువ. ఇక ఎవరి ఇంటి ముందు వేయాలన్న దాని మీద తగాదా తప్పదు. లారీ ఖాళీగా దాటినప్పుడు వచ్చే ధన్‌మన్న చప్పుడు ఆ ఇంటివాళ్ళే రాత్రంతా భరించాలి. వాళ్ళని అడిగి, ఒప్పుకున్న చోటే వేయండి. గుడి ముందో, పార్కు గేటు ముందో, ఖాళీ ప్లాటు పక్కనో వీలుంటే అదే మేలు.

ప్లాస్టిక్ ముక్కలు బోల్టులతో బిగించే రకం తొందరగా అవుతుంది, అవసరమైతే తీసేయొచ్చు. కానీ కొన్నాళ్ళకు ముక్కలు ఊడి మేకులు పైకి తేలతాయి. అవి శాశ్వతంగా ఉంచడానికి పనికిరావు. ఎక్కడ వేయాలో పరీక్షించి చూసుకోవడానికి మాత్రం బాగుంటాయి.

స్పీడ్ బ్రేకర్ షార్ట్‌కట్ బండ్లను ఆపుతుందని ఆశ పెట్టుకోవద్దు. హైవే మీద అరగంట ఇరుక్కునేవాడు మూడు బ్రేకర్లు దాటడానికి వెనకాడడు.

వన్‌వే

ఎదురెదురుగా వచ్చి ఇరుక్కునే బాధకు వన్‌వే బాగా పనిచేస్తుంది. దానికి పక్కనే సమాంతరంగా ఇంకో వీధి ఉండాలి, అది కూడా దాదాపు ఇంతే వెడల్పుండాలి. ఈ వీధి వెళ్ళడానికి, ఆ వీధి రావడానికి. పక్క వీధి ఇరవై అడుగులదైతే మన బాధ తీసుకెళ్ళి వాళ్ళ నెత్తిన పెట్టినట్టే అవుతుంది.

నాకు దీంట్లో భయం పుట్టించే విషయం ఒకటుంది. ఎదురుగా ఏదీ రాదన్న ధైర్యం రాగానే బండి వేగం పెరుగుతుంది. పైగా మనవాళ్ళు స్కూటర్ల మీద రాంగ్‌సైడ్ రావడం మానరు. పాల ప్యాకెట్ కోసం చుట్టూ తిరిగి రమ్మంటే ఎవరొస్తారు? వేగంగా వచ్చే కారు, ఎదురుగా రాంగ్‌సైడ్‌లో స్కూటర్, మధ్యలో పిల్లవాడు. కాబట్టి వన్‌వే పెడితే దానితోపాటు సరైన హంప్‌లు కూడా ఉండాల్సిందే. విడిగా వన్‌వే ఒక్కటే అడిగే కాలనీకి నేను వద్దనే చెబుతాను.

ఒకవైపు పార్కింగ్

మీటింగుల్లో దీని గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ, ఎందుకంటే ఇందులో వదులుకోవాల్సింది మనమే. లెక్క చూడండి. కాగితం మీద మన రోడ్డు 30 అడుగులు. రెండువైపులా ఇళ్ళ ర్యాంపులు మూడేసి అడుగులు ముందుకొచ్చాయి, మిగిలింది 24. రెండువైపులా కార్లు ఆపితే ఆరేసి అడుగులు పోయి 12 మిగులుతుంది. అందులో రెండు కార్లు అద్దాలు మడుచుకున్నా రాసుకుంటాయి. మోటారు వాహనాల నిబంధనల ప్రకారం పెద్ద బండి వెడల్పు 2.6 మీటర్ల దాకా ఉండొచ్చు, అంటే ఎనిమిదిన్నర అడుగులు. ఫైరింజన్ ఆ పన్నెండు అడుగుల్లో నెమ్మదిగా దూరగలదేమో గానీ, మూల మీద కారు ఉంటే తిరగలేదు.

అదే ఒకవైపే కార్లు ఆపితే 18 అడుగులు దొరుకుతాయి. వ్యాన్, ట్యాంకర్ ఎదురుపడినా జాగ్రత్తగా దాటిపోతాయి. ఎవరి గోడ పక్కన ఆపాలన్న పేచీ రాకుండా సరి బేసి పద్ధతి పెట్టుకోవచ్చు: బేసి తేదీల్లో బేసి నంబరు ఇళ్ళ వైపు, సరి తేదీల్లో సరి నంబరు వైపు. మూల నుంచి ఐదు మీటర్ల దాకా ఏ రోజూ ఎవరూ ఆపకూడదు, అక్కడ పసుపు గీత గీయాలి. సెల్లార్‌లో సామాన్లు పెట్టుకుని కారు రోడ్డు మీద ఆపే అపార్ట్‌మెంట్లవాళ్ళతో గట్టిగా మాట్లాడాల్సి వస్తుంది. కష్టమే, కానీ ఇది జరగకుండా మిగతావి ఏవి చేసినా సగం పనే. ఖర్చు చూస్తే రెండు డబ్బాల పెయింటు, నాలుగు బోర్డులు.

గేటు

అందరికీ ముందు తట్టేది ఇదే. నాకూ తట్టింది. 2020 లాక్‌డౌన్‌లో ఊళ్ళలో రోడ్డుకు అడ్డంగా ముళ్ళకంపలు వేసుకున్నాం, కాలనీల్లో బారికేడ్లు పెట్టుకున్నాం. పిల్లలు రోడ్డు మీద సైకిళ్ళు నేర్చుకున్నారు. ఆ నిశ్శబ్దం రుచి చూసినవాళ్ళకు గేటు మీద మనసు పోవడం సహజం.

కానీ రోడ్డు ఎవరిది అన్నది ముందు చూసుకోవాలి. లేఅవుట్‌కి అనుమతి తీసుకునేటప్పుడు రోడ్లు, పార్కులు స్థానిక సంస్థకు అప్పగిస్తారు. ఆ తర్వాత అవి ప్రజల రోడ్లు. మనం ప్లాటు కొన్నప్పుడు రోడ్డుకి కూడా డబ్బు కట్టాం కదా అని చాలామంది వాదిస్తారు. కట్టాం, కానీ దాన్ని మూసే హక్కు దాంతో రాదు. సంఘం తీర్మానం చేసినా, అందరూ సంతకాలు పెట్టినా రాదు.

మన చుట్టూ జరిగినవే చూడండి. సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో మూసిన రోడ్ల వల్ల మల్కాజిగిరి, సైనిక్‌పురి వైపు జనం ఏళ్ళపాటు చుట్టూ తిరిగారు. కంటోన్మెంట్ల చట్టం ప్రకారం రోడ్డు మూయాలంటే ముందు నోటీసు ఇచ్చి, అభ్యంతరాలు వినాలి. ఆ పద్ధతి పాటించకుండా మూసినవి తెరవాలని రక్షణ శాఖ 2018 మేలో నిర్ణయించింది. సైన్యానికే ఆ నియమం ఉన్నప్పుడు మన సంఘం ఎంత? పోచారం దగ్గర దివ్యానగర్ లేఅవుట్ చుట్టూ కట్టిన పొడవాటి ప్రహరీని 2025 జనవరిలో ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా కూల్చింది, పక్క కాలనీలకు మూసుకుపోయిన దారులు మళ్ళీ తెరుచుకున్నాయి. మీరు చందాలు పోగేసి పెట్టిన గేటు కూడా ఒక్క ఫిర్యాదుతో పోవచ్చు.

చట్టం పక్కన పెట్టినా నా మనసు దీనికి ఒప్పుకోదు. మేం గేటు వేస్తే ఆ బండ్లు ఆవిరైపోవు, వెనక వీధిలోకి పోతాయి. ఆ వీధిలో అంగన్‌వాడీ ఉంది, ఇరవై అడుగుల రోడ్డు. వాళ్ళు కూడా గేటు వేస్తే ఆ వెనకవాళ్ళు. నాలుగు కాలనీలు గేట్లు వేసుకున్న చోట అంబులెన్సు ఏ గేటు తెరిచి ఉందో వెతుక్కుంటూ తిరుగుతుంది. ఆ బండిలో ఉన్నది మన నాన్నే కావొచ్చు.

దొంగతనాల భయంతో రాత్రిపూట మాత్రం గేటు కావాలనుకుంటే, పోలీసులతో, మునిసిపాలిటీతో మాట్లాడి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. కనీసం ఒక దారి ఎప్పుడూ తెరిచే ఉంచండి. మూసిన గేటు దగ్గర తాళం చేతిలో ఉన్న మనిషి మేలుకుని ఉండాలి. వాచ్‌మన్ జీతం నెలనెలా ఇవ్వలేని కాలనీ గేటు జోలికి పోకూడదు.

మిగతావి

పెద్ద బండ్లను ఆపడానికి ఇనుప కమాను పెట్టే ఆలోచన వస్తుంటుంది. వద్దు. టిప్పర్లతోపాటు ఫైరింజన్ కూడా ఆగిపోతుంది. స్కూలు వేళల్లో భారీ వాహనాలకు ప్రవేశం లేదని బోర్డు పెట్టించుకోవడం దానికంటే మంచిది. నీళ్ళ ట్యాంకర్లు మనం పిలిస్తేనే వస్తాయి కాబట్టి పొద్దున ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా రావద్దని మనమే చెప్పొచ్చు. మా వీధిలో ఇది ఒక్క ఫోన్ కాల్‌తో కుదిరింది.

మధ్యలో సిమెంటు కుండీలు పెట్టి, నడిచేవాళ్ళకూ స్కూటర్లకూ దారి వదిలి కార్లను ఆపే పద్ధతి విదేశాల్లో బాగా వాడుకలో ఉంది. 2020లో కరోనా సమయంలో లండన్‌లో చాలాచోట్ల వీధుల్లో ఇలా కుండీలు పెట్టారు. జనాన్ని ముందు సరిగ్గా అడగలేదన్న కోపం పెద్ద గొడవైంది, ఈలింగ్‌లో 2021లో చాలావాటిని తీసేశారు కూడా. మన దగ్గర షార్ట్‌కట్ బండ్లలో ఎక్కువ భాగం బైకులే కాబట్టి కుండీలతో వచ్చే లాభం ఇంకా తక్కువ. కార్ల రద్దీయే బాధైన వీధికి మాత్రం, వెనక వీధివాళ్ళు కూడా ఒప్పుకుంటే, ఆలోచించొచ్చు.

మరి మీ వీధికి ఏది?

స్టాప్‌వాచ్‌లో 6 సెకన్ల లోపు దాటే బండ్లు ఎక్కువుంటే, మిగతా ఏమీ ఆలోచించకుండా ప్రమాణాల ప్రకారం హంప్‌లు అడగండి. ఆపిన కార్ల వల్ల ఇరుకైతే ఒకవైపు పార్కింగ్‌తో మొదలుపెట్టి, నెల తర్వాత కూడా జామ్ ఉంటేనే వన్‌వే గురించి మాట్లాడండి. బయటి బండ్ల రద్దీయే అసలు బాధైతే ఒక్క కాలనీ వల్ల కాదు. ఆ షార్ట్‌కట్ ఎన్ని కాలనీల్లోంచి పోతోందో ఆ సంఘాలన్నీ కలిసి కూర్చోవాలి. మెయిన్ రోడ్డు మీద బండ్లు ఎక్కడ ఆగిపోతున్నాయో, యూటర్నా, గుంతా, బస్టాపా, అది బాగుచేయమని అందరూ కలిసి అడగాలి. హైవే సాఫీగా ఉంటే మ్యాప్ మన వీధి చూపించదు.

రెండు బాధలుంటే? మాకు ఇరుకు, రద్దీ రెండూ ఉన్నాయి. ఇరుకు తీరితే మా వీధి ఇంకా మంచి షార్ట్‌కట్ అయిపోతుందని ఒకాయన భయపడ్డారు. ఆ భయం నిజమే. అందుకే పార్కింగ్ ఒకవైపుకి మార్చడం, రెండు హంప్‌లు ఒకే వారం చేయాలని పట్టుబట్టాం.

అనుమతి విషయానికొస్తే, హంప్, బోర్డులు, గీతలు మునిసిపల్ ఇంజనీరింగ్ విభాగం పని. వన్‌వే, నో ఎంట్రీ లాంటివి ట్రాఫిక్ పోలీసుల ద్వారా జరగాలి. మోటారు వాహనాల చట్టం 115వ సెక్షన్ కింద ఏదైనా రోడ్డు మీద వాహనాలను నియంత్రించవచ్చు. ఒక నెలకు మించని నియంత్రణకు గెజిట్ ప్రకటన అక్కర్లేదు, స్థానికంగా జనానికి తెలిసేలా చెబితే చాలు. అందుకని దరఖాస్తులో "ఒక నెల ప్రయోగంగా" అని అడగండి. అధికారులకు ఒప్పుకోవడం తేలిక, ఇష్టంలేని ఇంటివాళ్ళకు కూడా తేలిక. నెల తర్వాత తీసేయొచ్చన్న మాట ఉంటే ఎంతటి పట్టుదల ఉన్నవాళ్ళయినా కొంచెం మెత్తబడతారు.

సంతకాల కోసం ఇల్లిల్లూ తిరిగేటప్పుడు ఓనర్లతో ఆగిపోకండి. అద్దెకున్నవాళ్ళు, కిరాణా కొట్టు, ఇస్త్రీ బండి, చెత్త ఆటో డ్రైవరు, స్కూల్ వ్యాన్ డ్రైవరు అందరినీ అడగండి. మా వీధిలో ఏ మూల దగ్గర బండి తిరగదో కరెక్టుగా చూపించింది చెత్త ఆటో నడిపే అమ్మాయే. మీటింగు ఆదివారం పొద్దున్నే కాకుండా సాయంత్రం పెడితే ఆడవాళ్ళు కూడా వస్తారు. పిల్లల్ని రోడ్డు దాటించేది ఎక్కువగా వాళ్ళే.

మా ప్రయోగం మొదలై మూడు వారాలైంది. సరి తేదీల్లో ఒక నాలుగు కార్లు ఇంకా తప్పు వైపే ఉంటున్నాయి, వాటి మీద వాచ్‌మన్ చీటీ పెడుతున్నాడు. రెండో హంప్ దగ్గర మొన్నటి వానకు నీళ్ళు నిలిచాయి, మోరీ వైపు ఇంకో అడుగు తీయాలి. సుద్ద గీతలు కొట్టుకుపోయాయి, ఈసారి పెయింటుతో గీశాం. వచ్చే మంగళవారం పొద్దున అదే గంటకు, అవే రెండు కుర్చీలు వేసుకుని మళ్ళీ నంబర్లు రాయబోతున్నాం.